కూలి మాట తెగేదాకా

మొగులప్ప కందుల బస్తాను లారీలోకి ఎక్కించి, వీపు మీది గోనెపట్టాతోనే మెడ తుడుచుకున్నాడు. అతని కుడి భుజం ఎడమదానికంటే బెత్తెడు కిందికి దిగి ఉంటుంది. నారాయణఖేడ్‌లో ఒకే గోదాములో ముప్పై నాలుగేళ్లు మోస్తే భుజం మాత్రం ఏం చేస్తుంది?

పొద్దున్నుంచి ఛాతీ పట్టేసినట్టుంది. చెప్పుకుందామంటే ఇంట్లో మనిషి లేదు. భార్య సత్తెమ్మ పోయి తొమ్మిదేళ్లు. నీకేం కావాలని అడిగేవాళ్లు లేక అతనికి దిగులుగా ఉంటుంది.

ఇవాళ హమాలీ రేటు తేల్చే రోజు. ఎవరి కూలి గురించి మాట నడుస్తుందో వాళ్లు లోపల ఉండకూడదని అక్కడ రివాజు. ముఖం చూస్తే రేటు పెంచాల్సి వస్తుందని భయం కాబోలు. గోదాము సేటు మహిపాల్, లారీ యజమాని, ఇద్దరు రైతులు తలుపు మూసుకుంటారు. హమాలీలు మాట తెగేదాకా బయట అరుగు మీద కూర్చుంటారు. ఒక్క ఏడాదైనా లోపలికి పిలిచి తనను అడగాలని మొగులప్ప ఆశ. రేటు పెరగడం కంటే అతనికి అదే పెద్దది.

లారీ నిండాక మొగులప్ప చాయ్ తాగడానికి పోయాడు. హోటల్‌ టీవీలో వార్తలు వస్తున్నాయి. ఏదో రాష్ట్రంలో ఎమ్మెల్యేల జీతాలు పెంచారట.

"వాళ్ల జీతం మాట నడిచినప్పుడు వాళ్లు బయట కూసున్నరా?" తోటి హమాలీ సంగమేశ్‌ను అడిగాడు.

"గదేంది కాకా. తీసుకునేది వాళ్లే, పెంచేది వాళ్లే. చేతులెత్తిండ్రు, అయిపోయింది."

మొగులప్ప చాయ్ పూర్తిగా తాగి గ్లాసు పెట్టాడు.

"అయితె వాళ్లు గూడ బయట కూసోవాలె. లేకుంటె మనల్ని గూడ లోపలికి పిలవాలె. అందరికీ ఒక్కటే రివాజు ఉండాలె."

"గీ మాట సేటుకు చెప్తవా?"

"చెప్తా."

సంగమేశ్ నవ్వాడు గానీ, మధ్యాహ్నం తలుపు మూసే ముందు సేటు చెవిన వేశాడు. మొగులప్ప అరుగెక్కలేదు. తలుపు పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లోపల మాటలు చాలాసేపు సాగాయి.

చివరికి సేటే తలుపు తీశాడు.

"మొగులప్పా, లోపలికి రా. ఏందో చెప్తా అన్నవంట గద, చెప్పు."

మొగులప్ప లేవలేదు. సంగమేశ్ వచ్చి భుజం కదిపితే తల పక్కకు వాలింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణం పోయి గంటసేపయిందని డాక్టర్ అన్నాడు.

గోదాము వాకిట్లో ఎవరూ లేరు. లోపలికి పోదామని అతను విడిచిన రబ్బరు చెప్పులు గడప ముందు పక్కపక్కనే ఉన్నాయి.