చోటు తప్పిన కిడ్నీలో నా కాపురం

నేను ఒక రాయిని. పునాదికి పనికిరాను, పచ్చడి నూరడానికీ పనికిరాను. రేగుగింజంత ఉంటాను. గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే సామ్రాజ్యం అనే ఆమె కిడ్నీలో పుట్టాను. ఆ షెడ్డులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. అందుకని వాళ్లు పనిలో ఉన్నంతసేపూ నీళ్లు ముట్టరు. నీళ్లు లేనిచోట ఉప్పు పేరుకుంటుంది కదా, అదే నా వంశచరిత్ర.

నేనున్న కిడ్నీ కూడా నాలాగే దారి తప్పినదే. అందరికీ నడుము వెనకాల ఉండేది, ఈమెకు పుట్టుకతోనే పొత్తికడుపులో, గర్భసంచి పక్కన ఆగిపోయింది. నేను కదిలితే నొప్పి అక్కడే. నింద గర్భసంచికి. నేనేమో చాటున కూర్చుని, భలే దొంగనని మురిసిపోయేదాన్ని.

"ఆ గర్భసంచి తీయించేసుకోవే. నేనూ మా తోడికోడలూ తీయించుకోలా? పీడా పోద్ది," అంది పక్కన కూర్చునే ఆదెమ్మ. ఆ షెడ్డులో కడుపునొప్పికి అదొక్కటే మందు.

"నీకేం అక్కా, ముగ్గుర్ని కన్నావు. నాకు ఒక్క కాన్పన్నా కావద్దా?" అంది సామ్రాజ్యం. పెళ్లయి ఆరేళ్లయినా ఒడి నిండలేదు.

ఓ రోజు నేను అడ్డం తిరిగాను. ఆమె నేలమీద పడి దొర్లింది. మొగుడు ఏసోబు ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

"ఇంక ఓర్చుకోలేనమ్మా. గర్భసంచి తీసేయండి," అని ఏడ్చింది.

డాక్టరమ్మ ముందు స్కానింగ్ చేసింది. "ఒక కిడ్నీ కనబడదేం?" అనుకుంటూ కిందికి వెతికింది. దొరికిపోయాను.

"గర్భసంచి బంగారంలా ఉంది. దొంగ ఇదిగో, ఈ రాయి."

"కిడ్నీ అక్కడుండటమేందండీ?" అన్నాడు ఏసోబు.

"నాకేది తిన్నగా ఏడ్చింది గనక!" అంది సామ్రాజ్యం. అంత నొప్పిలోనూ ఆమె మొహం తేటపడింది.

నాకోసం పొట్టంతా కోస్తారని ఆశపడ్డాను. వీపువైపు నుంచి రావడానికి ఎముక అడ్డమట. పొట్టమీద మూడు చిన్న కన్నాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా పంపారు. టీవీలో నన్ను చూసి కిడ్నీ డాక్టరు, "ఇంతేనా?" అన్నాడు. నా బతుకుమీద వచ్చిన అభిప్రాయం అదొక్కటే. బుల్లి సంచిలో వేసి లాగేశారు.

ఇంటికెళ్లే రోజు నర్సు నన్ను డబ్బాలో పెట్టి ఇచ్చింది. "దాచుకుంటారు కొందరు."

సామ్రాజ్యం పొత్తికడుపుమీద చెయ్యి పెట్టుకుంది. "ఇదెందుకండీ నాకు. నాది నాకుంది."

చెత్తబుట్టలో పడ్డాను. ఆమెకు బిడ్డ పుడుతుందో లేదో నాకు తెలియదు. పుడితే మాత్రం, పక్కకు తప్పుకుని చోటిచ్చింది నేనేనని చెప్పుకుందామనుకున్నాను. పక్కనున్న దూది వినిపించుకోలేదు.