సుభద్రమ్మ చేతి జంతికలు

నేను ఒక ఇత్తడి జంతికల గొట్టాన్ని. కంచరివాడు నన్ను పోతపోసి, అడుగున చిల్లుల బిళ్ల పెట్టి, నెత్తిన తిప్పే పిడి బిగించాడు. నన్ను కొన్న పెద్దావిడ, అల్లుడు వస్తేనే అటక మీంచి దింపేది. హాయిగా ఉండేది. ఆమె కోడలు సుభద్రమ్మ చేతికి వచ్చాక విశ్రాంతి పోయింది. సామర్లకోటలో ఎవరింట్లో సారె కట్టినా జంతికలు ఆవిడవే. అదంతా ఆవిడ చేతి మహిమేనని ఊరు అంది, ఆవిడ నమ్మింది. నా పిడి ఇంకొకరిని ముట్టుకోనిచ్చేది కాదు.

ఈ వేసవిలో ఆవిడ కుడి మోచేయి బయటివైపు సలపడం మొదలెట్టింది. కాఫీ గ్లాసు ఎత్తినా నొప్పే. భర్త కామేశం వాతం అన్నాడు. పక్కింటావిడ నరం తప్పిందని గట్టిగా తోమింది, నొప్పి రెట్టింపైంది. నా మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఒక పొద్దున నన్ను తిప్పబోతే పిడి మీంచి వేళ్లు జారిపోయాయి. కోటమ్మగారింటి పెళ్లి సారె వారంలో ఉంది. "ఈ చెయ్యి పోతే నాకింకేం మిగులుద్దండీ?" అంది సుభద్రమ్మ మెల్లగా. కామేశం ఆవిడను ఫిజియోథెరపీ చేసే ఫర్హానా దగ్గరికి తీసుకెళ్లాడు. చేసే పని చూపించాలని నన్నూ సంచిలో వేశాడు.

ఫర్హానా నన్ను తిప్పి చూసింది. "నరం కాదమ్మా. కండని ఎముకకి కట్టే తాడు లాంటిదొకటి ఉంటుంది. గట్టిగా పట్టి మెలితిప్పినప్పుడల్లా అది మోచేతి దగ్గర లాగుతుంది. కోలుకునేలోపే మళ్లీ లాగుతున్నారు. దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారు."

"నేను టెన్నిస్ ఎప్పుడాడానమ్మా?"

"నా దగ్గరికి వచ్చేవాళ్లెవరూ ఆడలేదులెండి. తోమడం మానండి, తిప్పడం కొన్నాళ్లు ఆపండి. చిన్న వ్యాయామాలు చెప్తాను, నెమ్మదిగా బలం వస్తుంది."

"మరి రుచో?"

"ఉప్పూ కారం పాళ్లు ఎవరివి?"

"నావే."

"అయితే తిప్పేది ఆయన."

ఇంటికొచ్చాక కామేశం పిండి కలిపాడు, నన్ను తిప్పాడు. సుభద్రమ్మ స్టూలు మీంచి పాళ్లు చెప్పింది. "దాని పీక నొక్కకండి, మీకూ నొప్పి వస్తుంది. వదులుగా పట్టుకోండి. అవేం చుట్లండీ, ముగ్గు తొక్కేసినట్టు?"

కోటమ్మ వచ్చి ఒకటి విరిచి నోట్లో వేసుకుంది.

"చుట్లు వంకర్లు పోయాయిగానీ, రుచి మీదే పిన్నిగారూ."

అసలు సంగతి చెప్పాలని కామేశం నోరు తెరిచాడు. ఆ నోట్లో జంతిక పెట్టేయడానికి సుభద్రమ్మ కుడిచేయి ఎత్తబోయి, ఆగి, ఎడమచేత్తో పెట్టింది. ఎడమచేత్తో ఇస్తే మంచినీళ్లు కూడా పుచ్చుకోని మనిషి, కిమ్మనకుండా నమిలాడు.