కొంగులో చిమ్మిలి

నా నోటికి మా అల్లూరంతా జడుస్తుంది. ఆ నోరే ఆ రోజు ఆపరేషన్ గది గుమ్మం దగ్గర ఒక పట్టాన పెగల్లేదు.

మా మనవరాలు బిందుకి పదకొండేళ్లు. పొత్తికడుపు పట్టుకుని ఏడుస్తుంటే, పిల్ల పెద్దమనిషి కాబోతోందని నేనే తేల్చేశాను. అయ్యేదేదో తొందరగా అవుతుందని నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేసి తినిపించాను. కోడలు సాయిలక్ష్మి ఆసుపత్రికి పోదామంటే, "నాకు తెలవదా మే? ముగ్గుర్ని కన్నదాన్ని!" అని కసిరాను. రెండు రోజులు అట్లాగే గడిచాయి. మూడో రోజు పొద్దున్నే పిల్ల పసరు కక్కుకుంది. కోడలు ఇక నన్నడగకుండా ఆటో పిలిచింది.

నెల్లూరులో స్కాన్ తీశారు. పెద్దమనిషీ లేదు, పాడూ లేదు. ఎడమవైపు అండాశయంలో బత్తాయంత గడ్డ ఉంది. ఆ బరువుకి అండాశయం గోనెసంచి మూతిలా మెలి తిరిగిపోయిందట.

"దానికి రక్తం అందడం లేదమ్మా. వెంటనే మెలి విప్పాలి. గడ్డ మంచిదో చెడ్డదో తర్వాత పరీక్షలో తెలుస్తుంది," అన్నారు హరినాథ్ డాక్టరు.

గుమ్మం దగ్గర నర్సు లిల్లీ ఆపింది. "పాప ఆఖరున ఎప్పుడు తినింది? సరిగ్గా చెప్పండి. కడుపులో తిండి ఉంటే మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతాది, ప్రాణం మీదికొస్తాది."

"రాత్రి నుంచీ మంచినీళ్లు కూడా తాగలేదు సిస్టర్," అంది కోడలు.

 ఇందాక కోడలు సంతకాలకు పోయినప్పుడు, పిల్ల నీరసపడిందని, కొంగున కట్టుకొచ్చిన చిమ్మిలి ఉండ దాని నోట్లో పెట్టాను. "మీ అమ్మకి చెప్పబాక," అని మాట కూడా తీసుకున్నాను. ఇప్పుడు చెప్తే ఆపరేషన్ ఆపేస్తారేమో! కోడలు ఈ జన్మలో నా మొహం చూస్తుందా? బిందు నాకిచ్చిన మాట కోసం పెదాలు బిగించుకుని నన్నే చూస్తోంది. స్ట్రెచర్ కదిలింది.

"ఆగమ్మే, ఆగు! నేను పెట్టినా! చిమ్మిలి! గంట కూడా కాలా!"

కోడలు నా వైపు తిరిగింది. మళ్లీ పిల్ల వైపు తిరిగి, తన కొంగుతో దాని మూతి తుడిచింది. తిట్టినా బాగుండేది.

డాక్టరు మాత్రం ఆగలేమన్నారు. ముందు గొట్టం వేసి కడుపు ఖాళీ చేస్తామని లోపలికి తీసుకెళ్లారు. మేమిద్దరం బల్లకి చెరో చివర కూర్చున్నాం. దేవుడా, నా తప్పు పసిదాని మీద పెట్టొద్దని ఎన్నిసార్లు మొక్కుకున్నానో!

రెండు గంటలకి డాక్టరు బయటికొచ్చారు. "మెలి విప్పాం. నల్లగా ఉన్నా అండాశయం తీసెయ్యలేదు, గడ్డ వరకే తీశాం. కోలుకుంటుందనే మా ఆశ. గడ్డ రిపోర్టు వారంలో వస్తుంది." వెళ్లబోతూ నా దగ్గర ఆగారు. "గొట్టంలోంచి నువ్వులొచ్చాయమ్మా. మీరు చెప్పకపోయుంటే..."

 బల్ల మీదే గోడకి తల ఆనించి ఏడ్చాను.

కాసేపటికి సాయిలక్ష్మి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. "పిల్ల లేస్తానే నీళ్లడుగుతాది. ఎప్పుడియ్యాలో సిస్టర్ని నువ్వే అడిగిరా అత్తా," అంది.

పోయి అడిగాను. సరిగ్గా విన్నానో లేదోనని మళ్లీ పోయి అడిగాను.