గాజు పొయ్యి మీద బాసుంది

మిర్యాలగూడలో సులోచన స్వీట్ షాపు కొత్త కాంప్లెక్సులోకి మారినప్పటి నుంచి శోభకు మనసు మనసులో లేదు. పాత షాపులో గ్యాస్ మీద ఆమె కాచే బాసుంది కోసం పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చేవాళ్లు. కొత్త బిల్డింగ్ ఓనరు లోపల సిలిండర్లు పెట్టనివ్వనని తెగేసి చెప్పాడు. ఇండక్షన్ మీద అల్యూమినియం గంజులు పనిచేయవు. అందుకని సులోచన ఏ గిన్నెనైనా పెట్టుకోగల పెద్ద గాజు పొయ్యి కొనుక్కొచ్చింది. పైన నల్లటి నున్నటి పలక, దాని కింద కరెంటు చుట్టలు.

చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ, పాల దగ్గర మాత్రం మొండికేసింది. నాబు ఎంత తగ్గించి పెట్టినా చుట్ట కాసేపు భగ్గున ఎర్రబడుతుంది, పాలు పొంగిపోతాయి. కాసేపు పూర్తిగా ఆరిపోతుంది, పాలు చల్లారతాయి. మళ్లీ భగ్గుమంటుంది, ఈసారి అడుగంటుతుంది.

"ఇగ బాసుంది బంద్ జేద్దాం శోభా. లడ్డూల కౌంటర్ల కూసో," అంది సులోచన ఒకరోజు.

ఆదివారం తమ లంబాడీ తండాకు వచ్చిన కూతురు కావ్యతో శోభ ఆ మాట చెప్పుకుని బాధపడింది. కావ్య కోదాడలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. తెల్లారి కాలేజీకి పోతూ పోతూ షాపు దగ్గర దిగింది. పొయ్యి వెలిగించి, ఎర్రబడ్డమూ ఆరడమూ చాలాసేపు చూస్తూ నిలబడింది.

"ఆంటీ, ఈ పొయ్యి జర నాకియ్యుండ్రి. ప్రాజెక్టు కింద బాగు చేసి తెస్త."

"అది ఖరాబు కాలేదు బిడ్డా. దాని గుణమే గంత."

"ఆ గుణమే మారుస్త."

అనేశాక గానీ తానెంత పెద్ద మాట అన్నదో కావ్యకు తెలియలేదు.

కాలేజీ ల్యాబులో ఆమె జోడీ ప్రవళిక, కోదాడ పిల్ల. ఇద్దరూ పొయ్యి విప్పారు. అసలు సంగతి తొందరగానే తెలిసింది. నాబు మంటను చిన్నది చేయడం లేదు. చుట్ట వెలిగితే పూర్తి జోరుగానే వెలుగుతుంది. ఎంతసేపు వెలగాలో, ఎంతసేపు ఆరాలో చెప్పడం వరకే నాబు పని. గాజు మరీ కాగకుండా కాపాడే రాడ్డును వాళ్లు ముట్టుకోలేదు. నాబు స్విచ్చు తీసేసి, కరెంటును చిన్న చిన్న గుక్కలుగా పంపే ఎలక్ట్రానిక్ స్విచ్చు పెట్టారు. పలక అడుగున వేడి కొలిచే సెన్సరు అంటించారు. లాప్‌టాప్ తెర మీద గీతగా పెట్టుకున్న వేడి రాగానే కరెంటు ఆగిపోయేలా ప్రోగ్రాం రాశారు.

అయినా పాలు పొంగాయి. మర్నాడూ పొంగాయి. ల్యాబంతా మాడు వాసన.

"కరెక్టుగా గీత దగ్గరే ఆగుతుంది కదే, మరి ఎందుకు పొంగుతున్నాయి?" అంటూ ప్రవళిక తల పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం పాలు కాగుతుండగా ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. ప్రవళిక విసుక్కుంటూ కిటికీలు తెరవడానికి లేచింది. కావ్య మాత్రం కదల్లేదు. ఆ నిశ్శబ్దంలో గిన్నెలోంచి సన్నటి చప్పుడు వినిపిస్తోంది. పాలు అంచుదాకా లేచి, అక్కడే ఆగి, మెల్లగా దిగి, చిన్న చిన్న బుడగలతో మరగడం మొదలుపెట్టాయి. సరిగ్గా తల్లి కాచినట్టే.

"ప్రవళీ, గిటు రా. కరెంటు లేదు, సూడు ఎట్ల మరుగుతున్నయో."

"గాజు వేడిగా ఉంది కదే."

కావ్య ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. "అదేనే. మనం గీత దాకా పోనిచ్చి ఆపుతున్నం. చుట్టల, గాజుల దాసుకున్న వేడి ఆపినంక గూడ పైకొస్తనే ఉంటది. గీత రాకముందే ఆపాలె. వేడి ఎంత జోరుగ ఎక్కుతుంటే అంత ముందుగాల ఆపాలె."

ప్రవళిక ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, కిటికీ సంగతి మర్చిపోయి లాప్‌టాప్ ముందుకు ఉరికింది.

మొదట మరీ ముందే ఆపారు, పాలు గోరువెచ్చగా ఉండిపోయాయి. సరిచేశారు. మళ్లీ సరిచేశారు. చివరికి పాలు పొంగకుండా, ఆగకుండా, ఒకే తీరున మరుగుతుంటే ప్రవళిక గంతేసి మోకాలు స్టూలుకు కొట్టుకుంది. ఆ నొప్పిలో కూడా నవ్వుతూనే ఉంది.

అదే వారం సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాల్లో వంటల మేళా. హాల్లో మంట పెట్టొద్దన్నారు. బాసుంది అక్కడే కాచి అమ్ముదామంది కావ్య.

"అందరి ముంగట పొంగితే నా ఇజ్జత్ పోతది బిడ్డా. మీ అమ్మ పొయ్యి కాడ నిలవడతనంటెనే పెడ్త," అంది సులోచన.

శోభ కూతురి వైపు చూసింది. "నిలవడ్త," అంది.

మేళాలో పాలు చిక్కబడుతున్న కొద్దీ వాసనకు జనం మూగారు. శోభ గరిటె తిప్పుతోంది. వైర్ల డబ్బా పక్కన కావ్య, ప్రవళిక. గిరాకీ చూసి సులోచనకు ఆగబుద్ధి కాలేదు. ఎవరినీ అడక్కుండా ఒక క్యాను చల్లటి పాలు తెచ్చి గంజులో గుమ్మరించింది.

మరుగుతున్న గంజులో చల్లటి పాలు పోసి కావ్య, ప్రవళిక ఒక్కసారి కూడా చూడలేదు. వేడి పడిపోయేసరికి చుట్ట మొత్తం నిప్పులా ఎర్రబడింది. కొద్దిసేపట్లో నురుగు కదిలింది. అంచు వైపు లేస్తోంది. కావ్య చెయ్యి ప్లగ్గు మీదికి పోయింది.

"ఆగు," అంది శోభ లంబాడీలో, గంజు మీంచి కళ్లు తిప్పకుండా. "నేను చూస్తున్న కదా."

నురుగు ఇంకా లేస్తుండగానే గాజు కింద ఎరుపు ఆరిపోయింది. నురుగు అంచు దాకా వచ్చింది, అంచు మీద నిలబడింది, తర్వాత మెల్లగా కిందికి దిగింది. కాసేపటికి గాజు కింద సన్నటి ఎరుపు మళ్లీ మినుకుమంది. శోభ గరిటెతో గంజు అడుగు గీకి పైకి తీసింది. తెల్లటి చిక్కటి పాలు. ఒక్క నల్ల పొక్కు లేదు.

"యాడీ," అని తల్లిని పిలిచింది కావ్య. ప్రవళిక వెనక నుంచి ఆమె భుజాలు పట్టుకుని ఊపేస్తోంది.

సాయంత్రానికి గంజు ఖాళీ అయింది. పక్క స్టాలు టిఫిన్ సెంటరాయన వచ్చి పొయ్యి చుట్టూ తిరిగి చూసి, "మా పొయ్యికి గూడ గిట్ల చేస్తరా అమ్మా?" అని అడిగాడు.

"చేస్తం," "చేస్తాం," అన్నారు కావ్య, ప్రవళిక ఒకేసారి.

శోభ గంజు కడిగి బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ సులోచన దగ్గరికి వచ్చింది.

"అమ్మా, లడ్డూల కౌంటర్ల ఇంకెవరినన్న కూసోబెట్టుకోండ్రి. రేపు షాపుకు పాలు ఎక్కువ జెప్పుండ్రి."