పెళ్లి జెండా, మర్యాద జెండా

గంటన్నర అయింది. సిప్రియన్ పడవ రేవులో కట్టింది కట్టినట్టే ఉంది. యూనియన్ దీవి నుంచి పక్క దీవి కరియాకూకి రావడమంటే పక్కింటికి పోయినట్టే. రెండూ వేరే వేరే దేశాలని కాగితాల్లో ఉంటే ఉండొచ్చు గానీ, మేనత్త ఒక దీవిలో, అత్తగారు ఇంకో దీవిలో ఉన్నవాళ్లు ఎన్నడు జెండాలు కట్టుకుని తిరిగారు? అదంతా షోకు పడవల్లో వచ్చే దొరల గొడవ. ఇప్పుడేమో ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక కొత్త ఆఫీసరు దిగాడు, వీళ్ల ప్రాణం తియ్యడానికి.

"మా నీళ్లలోకొస్తే మా దేశం జెండా ఎగరెయ్యాలి పెద్దాయనా. అది మర్యాద," అన్నాడు ఆఫీసరు మూడోసారి. "దానికి పైన ఇంకోటి ఉండకూడదు. మీ పడవ మీద చూస్తే ఏదో తెల్లగుడ్డ ఉంది."

"గుడ్డేంటి బాబూ? అది మా అన్న కొడుకు పెళ్లి జెండా."

"ఏదైనా సరే, దించండి."

దించడమట! సిప్రియన్‌కి ఒళ్లు మండిపోయింది. ఈ దీవుల పెళ్లిలో ఆడపెళ్లివారి వైపు ఒక జెండా, మగపెళ్లివారి వైపు ఒక జెండా. డోలు మోతకి రెండిటినీ ఆడిస్తారు. చివరికి ఎవరిది పైన నిలిస్తే వాళ్లది గెలుపు. చర్చిలో జెండాకి దీవెన అయిన దగ్గర్నుంచి, అవతలివాళ్లు ఒడ్డున డోలుతో ఎదురొచ్చేదాకా జెండా దిగకూడదు, దాని పైన మరొకటి ఎగరకూడదు. దిగిందా, ఆట ఆడకుండానే ఓడినట్టు. ముప్పై ఏళ్ల కిందట అన్న ఫిట్జ్ పెళ్లిలో అదే జరిగింది. నడి సముద్రంలో తాడు తెగి జెండా ఊడిపడింది. ఆ తర్వాత అత్తవారి ఊళ్లో అన్న తలెత్తుకు తిరిగిన రోజు లేదు. పోయిన ఏడు మంచం మీద ఉండి, "నా కొడుకుది మాత్రం దిగనివ్వకురా," అని తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి వదలకుండానే పోయాడు.

"పోనీ మీ జెండా పక్క తాడుకి కడతాను, కింద," అన్నాడు సిప్రియన్.

"మా జెండా కిందా, మీది పైనా? ఎలా కుదురుతుంది?"

"ఒక్క గంట ఓర్చుకో నాయనా. ఆట అయిపోగానే నీ జెండా నా నెత్తి మీద కట్టుకుని ఊరేగుతాను."

"నెత్తి మీద కాదు, తెరచాప కొయ్యకి కుడివైపు. పుస్తకంలో అలాగే ఉంది."

"ఆ పుస్తకం రాసినవాడికి పెళ్లి కాలేదా ఏం?"

ఆఫీసరు నవ్వలేదు. గడియారం చూపించాడు. నాలుగున్నర. అయిదింటికి ఆఫీసు మూసేస్తాడు. కాగితాల మీద ముద్ర పడకపోతే సిప్రియన్ ఈ రేవు దాటడానికి లేదు. నేల మొన తిరిగితే, అవతలి ఒడ్డున ముందే వచ్చి చేరిన పెళ్లికొడుకు లెండన్, డోళ్లవాళ్లు, ఆడపెళ్లివారు ఎండలో నిలబడి ఉంటారు. పెళ్లి చూడ్డానికి పోయారేమో, ఈ రేవులో మాత్రం ఒక్క పురుగు లేదు. ఎవరికని మొరపెట్టుకోవడం?

సిప్రియన్ పక్క కొట్లో దేశం జెండా ఒకటి కొన్నాడు. పడవెక్కి తాడు విప్పాడు. తెల్ల జెండా కొంచెం కొంచెంగా దిగి అతని భుజం మీద పడింది. ఆ తాడుకే దేశం జెండా కట్టి పైకి లాగాడు.

"చూశారా, ఎంత చిన్న పనో," అన్నాడు ఆఫీసరు, ముద్ర వేస్తూ.

నోటిదాకా వచ్చిన బూతు మింగేసి సిప్రియన్ పడవ తిప్పాడు. మొన దగ్గరికి రాగానే, ఒడ్డు మీదివాళ్లకి ఇంకా కనబడకముందే, దేశం జెండా దించి కూర్చునే చెక్క కిందికి తోశాడు. పెళ్లి జెండా మళ్లీ ఎక్కించాడు. ఆఫీసరు మర్యాదా పోయింది, అన్న మర్యాదా పోయింది.

పడవ కనబడగానే డోలు మోగింది. నీళ్లలోకి దిగి ముందు నిలబడ్డది పెళ్లికూతురి మేనత్త ఇస్మే. ఫిట్జ్‌ని ముప్పై ఏళ్లు ఆటపట్టించిన నోరు ఆవిడదే.

"ఇంత ఆలస్యమా సిప్రియన్? అన్నదమ్ములిద్దరికీ మా ఊరి దారే తెలియదు," అంది. తర్వాత ఆనవాయితీగా గొంతు పెంచి అడిగింది. "దారిలో జెండా దిగిందా?"

డోలు ఆగింది. లెండన్ బాబాయి మొహంలోకి చూశాడు. కుర్రాడి ముక్కూ నోరూ అచ్చం ఫిట్జే.

"దిగలేదు," అన్నాడు సిప్రియన్.

ఇస్మే ఎప్పటిలా గుచ్చి గుచ్చి అడుగుతుందనుకున్నాడు. అడిగితే ఏం చెప్పాలో మొన నుంచి ఇక్కడిదాకా కూడబలుక్కుంటూనే వచ్చాడు. ఆవిడ ఏమీ అడగలేదు. వెనక్కి తిరిగి తనవాళ్లతో, "సిప్రియన్ అబద్ధమాడే మనిషి కాదు. కొట్టండి డోలు," అంది.

ఆట పావుగంటలో అయిపోయింది. ఆడపెళ్లివారి జెండా పట్టిన ఇస్మేకి మోకాళ్లు పోయాయి, చెయ్యి పైకి లేవలేదు. సిప్రియన్ జెండా పైన నిలిచింది. లెండన్ పరుగెత్తుకొచ్చి అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. "నాన్న చూస్తుంటాడు బాబాయ్," అని చెవిలో అన్నాడు.

"చూసే ఉంటాడు," అన్నాడు సిప్రియన్.