లోపం సున్నా

టక్. టక్. టక్.

సుత్తి చిన్నది. పడవ పెద్దది. పడవలు చేసే మేస్త్రి ఒక్కో పలక మీదా కొడుతున్నాడు. కొట్టి, చెవి ఆనించి, ఆగి, వింటున్నాడు.

చెక్క గట్టిదైతే టక్ అంటుంది. లోపల పుచ్చితే బద్ అంటుంది.

అంతే శాస్త్రం.

పడవకు నలభై ఒక్క ఏళ్ళు. ఒడ్డున దుంగల మీద నిలబెట్టి ఉంది. సముద్రాలు దాటిన తెరచాప పడవ. మళ్ళీ దాటుతుందా అన్నదే ప్రశ్న.

కొనేవాడు లెక్కల మాస్టారు. మేస్త్రి వెనకే నడిచాడు. కుడివైపు, తెరచాప స్తంభాన్ని నిలబెట్టే స్టీలు తీగ వచ్చి పలకకు బిగిసే చోట మేస్త్రి ఆగాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ విన్నాడు. జేబులోంచి సుద్దముక్క తీసి సున్నా చుట్టాడు.

"గుర్తు పెట్టా. చూసుకోండి మాస్టారూ."

మేస్త్రి మాటల పొదుపరి. సుద్ద మాట్లాడితే తను మాట్లాడడు.

మొత్తం పడవ మీద ఒకటే సున్నా.

మాస్టారు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఏమీ అడగలేదు.

పడవ కొన్నాడు. మర్నాడు తెల్ల రంగు వేశాడు.

టక్. టక్.

ప్రయాణంలో రెండో రోజు. మధ్యాహ్నం. ఎటు చూసినా నీళ్ళు. అవతలి తీరం ఇంకా ఎనిమిది రోజులు.

మాస్టారి భార్య పళ్ళ డాక్టరు. ఇరవై ఆరేళ్ళు నడిపిన క్లినిక్ మూసి వచ్చింది. కుర్చీ ఇచ్చేసింది. లైటు ఇచ్చేసింది. నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం మాత్రం తెచ్చుకుంది — ఇచ్చేయబుద్ధి కాలేదు.

కింది గదిలో, కుడివైపు మంచం మీద పడుకుని, అద్దం కాడతో గోడ మీద, అంటే పడవ పలక మీద, కొడుతోంది. ఊరికే. పంటి మీద కొట్టి వినడం చేతికి అలవాటు. గట్టి పన్ను ఒకలా పలుకుతుంది. పుచ్చుపన్ను ఒకలా.

టక్. టక్. టక్.

బద్.

చెయ్యి ఆగింది.

బెత్తెడు పైన — టక్. బెత్తెడు కింద — టక్. మధ్యలో... బద్.

"మాస్టారూ! ఒకసారి కిందికి రండి."

మామూలుగా ఏమండీ అంటుంది. మాస్టారూ అంటే కోపమొచ్చినట్టు.

ఆయన చుక్కాని కట్టేసి దిగాడు.

"ఏంటి డాక్టరుగారూ?"

"ఇక్కడ కొడతా. వినండి."

విన్నాడు. తల దించుకున్నాడు.

"ఇక్కడ మేస్త్రి ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. సున్నా చుట్టాడు."

"సున్నానా?"

"అంటే... లోపం సున్నా అనుకున్నా."

ఆమె ఆయన్నే చూసింది.

"ముప్పై ఏళ్ళు పిల్లల పేపర్ల మీద సున్నాలు చుట్టారు కదా. అవన్నీ మెచ్చుకోళ్ళేనా?"

నవ్వు రావాల్సిన చోటు. ఇద్దరికీ రాలేదు.

"రంగు ముందు ఎక్కడ వేశారు?"

ఆయన గోడ మీద చెయ్యి ఆనించాడు.

"ఎక్కడ?"

"ఇక్కడే."

అల వచ్చి పలకకు తగిలింది. పలక అవతల సముద్రం. పలక మందం రెండు వేళ్ళు.

పైన లెక్క ఇది. గాలి ఎడమ నుంచి వస్తోంది. ఎడమ తీగ బిగిసి స్తంభాన్ని మోస్తోంది. కుడి తీగ వదులుగా ఊగుతోంది. గాలి ఇలాగే ఉండి ముందుకే పోతే దానికి పని లేదు. వెనక్కి తిప్పితే ఇంటికి రోజున్నర. కానీ తిప్పగానే గాలి కుడివైపుకు వస్తుంది. బరువంతా కుడి తీగ మీద పడుతుంది. ఆ తీగ ఈ పలకను పట్టుకుని ఉంది. పలక ఊడితే తీగ ఊడుతుంది. తీగ ఊడితే స్తంభం —

ఇంజను ఉంది. డీజిలు పది గంటలకే.

మాస్టారు కాగితం మీద లెక్క వేశాడు. కొట్టేశాడు. మళ్ళీ వేశాడు.

"పుచ్చిన వైపు నమలొద్దని చెప్తాం," అంది ఆమె. "పీకేదాకా."

"ఎనిమిది రోజులా?"

"నమిలితే ఈరోజే ఊడుతుంది."

తెరచాప సగం దించారు. ముందుకే.

ఆమె పెన్సిలు తీసుకుని బద్ అన్న చోటు చుట్టూ గీసింది. మేస్త్రి బయట చుట్టాడు. ఆమె లోపల చుట్టింది. సున్నా అరచేతంత. అరగంటకోసారి కొట్టి వింటోంది. సున్నాలో బద్. సున్నా బయట టక్. బయట కూడా బద్ అంటే పలక విడుతున్నట్టు.

కుడి తీగకు కట్టిన ఎర్ర రిబ్బను కుడికి ఎగురుతోంది. మాస్టారు చుక్కాని పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. గాలి ఇలాగే... ఇలాగే...

నాలుగు గంటలకు గాలి పడిపోయింది.

రిబ్బను వాలింది. తీగను అంటుకుని వేలాడింది.

ఆమె మెట్లెక్కి వచ్చింది. ఇద్దరూ రిబ్బనునే చూశారు.

"ఏమండీ," అంది.

"అడుగుదామనే నిలబడ్డా ఆ రోజు," అన్నాడాయన. "అడగలేదు. అడిగితే చెప్తాడని."

రిబ్బను కదిలింది.

ఎడమకు.

కుడి తీగ కిర్రుమంది. ఆయన తెరచాప దించడానికి పరుగెత్తాడు. ఆమె కిందికి పరుగెత్తింది. మంచం మీద మోకాళ్ళూని, అద్దం కాడ పట్టుకుంది.

సున్నా బయట, బెత్తెడు పైన కొట్టింది.

టక్.

బెత్తెడు కింద కొట్టింది.

చెవి ఆనించి, ఆగి, విన్నది.