లైట్లు ఆరని షెడ్డు

చుట్టుపక్కల వాళ్లు అతన్ని దీపాలాయన అంటారు. అతని కోళ్ల షెడ్డులో పగలూ రాత్రీ లైట్లు ఆరవు. వెలుతురుంటే పిల్లలు మేస్తూనే ఉంటాయి, మేస్తే బరువెక్కుతాయి అని అతని ధీమా. మనిషి ఆశకు అంతుండదు సరే, కోడిపిల్లకు నిద్రైనా ఉండొద్దూ!

రెండు వారాల పిల్లలు చావడం మొదలైంది. అదీ బక్కవి కాదు, ముద్దుగా బలిసినవే. తల వణికించి, గోడ కనిపించనట్టు తడబడి, పక్కకు ఒరిగిపోతున్నాయి. పోయిన విడత కోళ్లూ ఇలాగే పోయాయి. ఇవీ పోతే షెడ్డుకు తాళమే. గోరుచుట్టు మీద రోకటిపోటులా దాణా లారీ దారిలో ఆగిపోయింది. మధ్యాహ్నానికి తొట్లన్నీ ఖాళీ.

పశువుల డాక్టరైన మరదలు వచ్చి, చచ్చిన పిల్లనొకదాన్ని కోసి చూసింది.

"మేత లేనప్పుడు లివరే చక్కెర ఇవ్వాలి బావా. ముందు దాచుకున్నది తీస్తుంది. అది అయిపోతే కండ కరిగించి అయినా కొత్తది తయారుచేస్తుంది. మంచి పిల్లయితే ఒక పూట ఆకలిని లెక్కే చెయ్యదు."

"మరి నావి?"

"వీటికి జబ్బు. ఆ పని సరిగ్గా జరగక, ఒంట్లో చక్కెర పడిపోయి తల వణుకుతోంది. చీకటి పడితే దాచుకున్నది బయటికి తియ్యమని ఒంటికి తెలుస్తుంది. నువ్వు చీకటే పడనివ్వలేదు కదా!"

"అంటే నా లైట్లే యముళ్లా?"

"వేళాకోళం తర్వాత. ఆర్పేశాక మళ్లీ లైటు మాత్రం వెయ్యకు. లేచి పరిగెత్తాయంటే ఉన్న కాస్త చక్కెరా హరించుకుపోతుంది."

ఇద్దరూ నీళ్లలో పంచదార కలిపి పెట్టారు. పరదాలు దించి లైట్లు ఆర్పారు. దాణా తేవడానికి ఆమె వ్యాను తీసుకుని వెళ్లింది.

తలుపు లోపల అతనొక్కడే మిగిలాడు. కాసేపు కిచకిచలు వినిపించాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. ఇన్నేళ్లలో ఆ షెడ్డు నోరు మూసుకోవడం అతను వినలేదు. అన్నీ పోయాయేమో! మరదలి మాట గుర్తుంది. అయినా చెయ్యి ఊరుకోలేదు. ఒక్కసారి చూసి ఆర్పేద్దామనుకుంటూ స్విచ్చి నొక్కాడు.

అన్నీ బతికే ఉన్నాయి. ఒకదాన్నొకటి ఒరుసుకుని నిద్రపోతున్నాయి. అతనికి ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది.

అంతలో షెడ్డంతా లేచింది. వెలుతురుంటే మేతేనని వాటికి నేర్పింది అతనే. రెక్కలు కొట్టుకుంటూ, ఒకదాని మీదొకటి ఎక్కుతూ తొట్ల మీద పడ్డాయి. ఖాళీ రేకును టకటకా పొడిచాయి.

"లేదే తల్లీ, ఏం లేదు! పడుకోండర్రా!" అంటూ లైటు ఆర్పేశాడు. చీకట్లో ఆ టకటక ఆగలేదు. బయట వ్యాను హారను మోగింది. మరదలు బస్తా మోసుకొచ్చి తలుపు తీసింది. ఆ వెలుతురులో, అన్నిటికంటే ముందు తొట్టి చేరిన బొద్దు పిల్ల తల వణికించింది. దాని పక్కదీ వణికించింది.

"లైటు వేశావా బావా?" అని అడిగిందామె.